గొట్టంలో కూనిరాగం

స్కానింగ్ యంత్రం బాగుచేయడం అయిపోగానే ఇంజనీరక్క చేసే పని ఒకటుంది. చెప్పులు విప్పి, ఉంగరం, దుద్దులు, గడియారం తీసి గదిబయట పెట్టి, రోగులు పడుకునే బల్లమీద తనే వెల్లకిలా పడుకుంటుంది. "లోపలికి పంపమ్మా" అంటుంది స్కానింగ్ చేసే అమ్మాయితో. బల్ల మెల్లగా జరిగి ఆ తెల్లటి గొట్టంలోకి వెళ్తుంది. మిగతా ఇంజనీర్లు మనిషికి బదులు నీళ్ళ డబ్బా పెట్టి పరీక్షించి చేతులు దులుపుకుంటారు. కంపెనీ చెప్పిందీ అదే. ఇంజనీరక్కది మాత్రం ఒకటే మాట: "డబ్బాకి భయం వెయ్యదు కదా!"

లోపల, నుదుటికి జానెడు దూరంలో ఉన్న ఆ తెలుపుని చూస్తూ కూనిరాగం తీసేది. అది పాట కాదు, దానికి మాటల్లేవు. వాన వెలిశాక చూరునుంచి రాలే చుక్కల్లా ఆగి ఆగి సాగేది. ఆమె సంచీ సర్దుకుని వెళ్ళిపోయినా రాగం యంత్రంలోనే ఉండిపోయేది. ఆ ఊళ్ళో ఏ ఆసుపత్రికి వెళ్ళినా అంతే, దడదడ చప్పుళ్ళ అడుగున సన్నగా ఆ రాగం. పెద్దవాళ్ళు గురకపెట్టేవాళ్ళు. పిల్లలు బయటికొచ్చి "ఇంకోసారి" అని మారాం చేసేవాళ్ళు. దీన్నెవరూ వింతగా చూడలేదు. ఫ్రిజ్‌లో చల్లగా ఉన్నట్టే, స్కానింగులో ఇంజనీరక్క రాగం ఉంటుంది.

సర్వీసు విభాగం అధిపతి కుర్చీ ఖాళీ అయినప్పుడు అది ఆమెదేనని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది, పైకి అనలేదు గానీ. అత్తగారైతే కోడలి కోటు తనే ఇస్త్రీ చేసిచ్చింది.

"కుర్చీలో కూచుని కాళ్ళు ఊపకేం. నీకా అలవాటుంది" అంది.

"ముందు కూచోనివ్వండి అత్తయ్యా."

కూర్చోనివ్వలేదు. మీటింగులో పెద్దసారు లేచి టైబాబు పేరు చదివారు. ఎండాకాలంలోనూ టై విప్పడు కాబట్టి అతనికా పేరు. కొత్తలో అతనికి యంత్రం మూత ఎటునుంచి తెరవాలో చూపించింది ఇంజనీరక్కే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. ఆ చేతులు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు అనిపించింది.

తిన్నగా పెద్దసారు గదికి వెళ్ళింది.

"నాలో ఏం తక్కువైంది సార్?"

"తక్కువా? ఎంత మాట! నిన్ను కుర్చీలో కూర్చోబెడితే గొట్టంలో ఎవరు పడుకుంటారు చెప్పు?"

"అంటే, పని బాగా చెయ్యడం నా తప్పన్నమాట."

"అలా తీసుకోకమ్మా. కుర్చీకి కాస్త మాటకారి కావాలి. నువ్వేమో కూనిరాగాల మనిషివి. అన్నట్టు, ఆ రాగమేదో ఆ అబ్బాయికి నేర్పెయ్. ఇకమీదట దాన్ని కంపెనీ సేవల్లో చేర్చేద్దాం."

అప్పటిదాకా తనకి వస్తున్నది ఏడుపనుకుంది. కాదు. ఏడుపుకి ఇంత వేడి ఉండదు.

"కుర్చీ మీది సార్. ఎవరికైనా ఇచ్చుకోండి. రాగం నాది. అది ఎక్కడుండాలో నేను చెప్తాను."

అని గుండెలనిండా గాలి పీల్చింది. ఊళ్ళో ఉన్న అన్ని గొట్టాల్లోంచీ రాగం లేచింది. సిగ్నల్ దగ్గర ఆగిన బస్సుల మీదుగా, మేడలమీద ఆరేసిన దుప్పట్ల మధ్యగా వచ్చి, కిటికీ తెరని ఒక్కసారి ఎగరేసి ఆమె నోట్లోకి వెళ్ళిపోయింది. పెద్దసారు ఎగిరిన కాగితాలు పట్టుకుని, "గాలి ఎక్కువైంది" అంటూ కిటికీ మూశారు. ఆమె మెళ్ళోని గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టి వచ్చేసింది.

"తరిమేశారా?" అంది అత్తగారు గుమ్మంలోనే.

"లేదు, నేనే వచ్చేశాను."

"మంచి పని చేశావ్. ఆ కోటుకి ఇస్త్రీ చేసీ చేసీ నా చెయ్యి పడిపోయింది." కోటు అందుకుని, "మరి రేపట్నుంచి?" అంది.

"తెలీదత్తయ్యా." ఆ మాట అన్నాకే ఆమెకి భయం వేసింది. ఈ పని తప్ప ఆమె ఇంకోటి ప్రేమించింది లేదు.

రాగం లేకపోయినా యంత్రాలు నడిచాయి. బొమ్మలు స్పష్టంగానే వచ్చాయి. మనుషులే పడుకోలేకపోయారు. టైబాబు చెడ్డవాడేం కాదు, పాపం టై విప్పి తనూ గొట్టంలో పడుకున్నాడు. యంత్రం అతని మనసులో మాటనీ పట్టుకుంది. "అందరికీ నమస్కారం, ముందుగా పెద్దసారుకి కృతజ్ఞతలు" అని గొణుగుతూనే ఉంది. రోగులు గోళ్ళు కొరుక్కుంటూ బయటికొచ్చారు.

ఓ ఉదయం ఆసుపత్రిలో స్కానింగ్ చేసే అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, ఇక్కడో తాతగారు బల్లెక్కడం, దిగిపోవడం. తలలో ఏముందో తెలియకపోతే డాక్టరమ్మ వైద్యం మొదలుపెట్టలేరు. రావా?"

"నేనిప్పుడు కంపెనీ మనిషిని కాదే."

"నేను కంపెనీకి ఫోన్ చెయ్యలేదు కదక్కా!"

ఆమె వెళ్ళేసరికి యంత్రం పక్కన టైబాబు చెమటలు కక్కుతున్నాడు.

"అక్కా, నువ్వు నేర్పితే నేర్చుకుంటాను."

"లోపల పడుకున్నప్పుడు ఎవరి గురించి ఆలోచించావ్?"

"పెద్దసారు గురించి."

"అదే వినిపిస్తోంది. పక్కకి జరుగు."

తాతగారు చూస్తుండగానే ఆమె పడుకుంది, లోపలికి వెళ్ళింది. ఈసారి రాగం మునుపట్లా లేదు. చుక్కలు కలిసి ఏరైనట్టు ఆగకుండా పారింది. ఆమె దిగాక తాతగారు, "ఇది వేరే సంగతి" అని బల్లెక్కారు. కాసేపటికి లోపలినుంచి గురక మొదలైంది.

అద్దం అవతల నిలబడి విన్న డాక్టరమ్మ తిన్నగా ఆమె దగ్గరికొచ్చింది.

"మా యంత్రాలన్నీ ఇకమీదట మీరే చూడాలి. కంపెనీ కాదు, మీరు."

"షరతులు నేనే చెప్తాను."

"చెప్పండి, వింటాను."

డాక్టరమ్మ ఒప్పుకుందన్న కబురు మిగతా ఆసుపత్రులకీ పాకింది. పెద్దసారు ఫోన్ చేశారు.

"అమ్మా, జరిగిందేదో జరిగింది. ఆ కుర్చీ నీదే, వచ్చెయ్."

"ఎందుకులెండి సార్, ఆ అబ్బాయిని లేపకండి. ఇప్పుడే కదా కూర్చున్నాడు."

ఇంజనీరక్క తన సొంత పనికి బజారువీధిలో ఓ గది అద్దెకి తీసుకుంది. నిచ్చెన మీదున్న బోర్డు పెయింటరు కిందికి వంగి అడిగాడు.

"మేడమ్, మీ పేరు కింద ఏం రాయమంటారు? మేనేజరనా, డైరెక్టరనా?"

"ఏదో పెద్దదే రాయించవే" అంది అత్తగారు.

ఇంజనీరక్క రోడ్డు అవతలికెళ్ళి, నడుంమీద చేతులు పెట్టుకుని బోర్డుకేసి చూసింది.

"కింద ఏమీ వద్దు. నా పేరు పైఅంచుకి ఆనించి రాయి. దానిమీద ఇంకో పేరు పట్టకూడదు."

పెయింటరు కుంచె నోట కరుచుకుని ఇంకో మెట్టు పైకెక్కాడు.