శ్రుతిపెట్టె గారి టెనర్

కళ్ళజోళ్ళ షాపాయన తన టెనర్ యుకులేలేని అమ్మేస్తున్నానని చెప్తే ఆదివారం బృందంలో ఎవరూ నమ్మలేదు. గిటారుకు చిట్టితమ్ముడిలాంటి నాలుగు తీగల వాద్యం అది. అందులో టెనర్ అంటే కాస్త ఒళ్ళు చేసిన రకం. ఆయన దాన్ని చంటిపిల్లలా చూసుకునేవాడు. సొంత అల్లుడు ముట్టుకోబోతే "చేతులు కడుక్కున్నావా?" అని అడిగిన మనిషి, ఇప్పుడు ఎవరికైనా ఇచ్చేస్తానంటే నమ్మడం కష్టమే మరి.

బృందం అంటే ఓ పదిమంది. లాండ్రీ షాపు పైగదిలో, ఇస్త్రీ బట్టల వాసన మధ్య చేరి వాయించుకుంటారు. వాళ్ళలో విద్వాంసులెవరూ లేరు. వెనకటి రోజుల్లో ఆయన మొదటి తీగ మీటితే మిగతావాళ్ళు దానికి కలుపుకునేవారు. అందుకే ఆయనకు శ్రుతిపెట్టె అని పేరు పడింది. తర్వాత వాద్యం తలకు తగిలించుకునే బుల్లి యంత్రాలొచ్చాయి. శ్రుతి కుదిరితే పచ్చగా, తప్పితే ఎర్రగా వెలుగుతాయి. అందరూ కొనుక్కున్నారు, అయినా కలుపుకోవడం మాత్రం ఆయనతోనే. ఆ బిరుదు తల్చుకున్నప్పుడల్లా ఆయన ఛాతీ ఓ అంగుళం ఉబ్బేది.

ఇప్పుడా చెవులే మొరాయించాయి. కుడిది పూర్తిగా పోయింది, ఎడమది సగం. చెవి మిషను కొన్నాడు. దాంట్లో భార్య మాటలు బాగానే వినిపించాయి గానీ, యుకులేలే మాత్రం రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంది. మిషను సొరుగులోకి పోయింది. షాపులో ఎదుటివాళ్ళ పెదాలు చూసి నెట్టుకొస్తున్నాడు. బృందంలోనేమో కొంతకాలంగా "ఇవాళ మీరే కలుపుకోండి" అని తప్పించుకుంటున్నాడు. శ్రుతిపెట్టెకే చెవుడట అని ఎవరైనా నవ్వితే పర్వాలేదు, తనూ నవ్వేస్తాడు. అయ్యో పాపం అంటేనే భరించలేడు. ఆ మాట రాకముందే వాద్యం అమ్మేసి, తలెత్తుకుని బయటపడాలని ఆయన ఆరాటం.

"చెవుడని ఒక్క ముక్క చెప్తే పోయేదానికి వాద్యం అమ్ముకుంటారా? ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటారటండీ ఎవరైనా?" అంది భార్య.

ఆయన విననట్టు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చెవుడు ఆయనకు కలిసొచ్చింది అక్కడొక్కచోటే.

అయితే బృందంలో ఒక కట్టుబాటుంది. వాద్యం అమ్మేవాళ్ళు యంత్రం సాయం లేకుండా తమ చేత్తో శ్రుతి చేసి, అందరితో కలిసి ఒక పాట వాయించాకే కొనేవాళ్ళ చేతికివ్వాలి. వాద్యం గుణం నలుగురిలో కలిసినప్పుడే తెలుస్తుందని ఒకప్పుడు పట్టుబట్టి ఆ నియమం పెట్టించింది ఆయనే. తాను తీసిన గోతిలో తానే పడ్డట్టయింది.

కొనడానికి ముందుకొచ్చింది బృందంలోనే ఉన్న, సిటీ బస్సు నడిపే అమ్మాయి. తన చిన్న యుకులేలే మీద ఆమె పొడుగాటి వేళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. టెనర్‌ని వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీత కూడా పడలేదు. ఇంత మంచిదాన్ని ఎందుకు అమ్మేస్తున్నారు బాబాయ్? ఏదైనా లోపముందా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి చెవి మీదికి పోయింది. అక్కణ్ణించి జుట్టు మీదికి జారింది. "లోపమేం లేదమ్మా. ఒళ్ళో బరువుగా ఉంటోంది, అంతే."

"పైపులు మోసే నా ముందా బాబాయ్ ఈ మాట! కాకి ఈకంత బరువుండదు అది" అన్నాడు ప్లంబరు.

ఆయన ఇక మాట పెంచకుండా వాద్యం అంచును దవడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఇంట్లో రహస్యంగా సాధన చేసిన విద్య ఇది. రెండు తీగలు కలవకపోతే ఎముకలో అదురు తడబడుతుంది, కలిస్తే నిలకడగా సాగుతుంది. తీగలు బిగించే మరలు ఒక్కొక్కటే తిప్పుతూ నాలుగింటినీ ఒక దారికి తెచ్చాడు. పని బాగా కుదిరిందని సంతోషించాడు కూడా. ఆయనకు తెలియనిదల్లా ఒక్కటే. నాలుగు తీగలూ ఒక్కమాట మీదే ఉన్నాయి గానీ, నాలుగూ ఉండాల్సిన చోటికి అరమెట్టు కిందున్నాయి.

మొదటి తీగ మీటి కళ్ళు తెరిచాడు.

చెవులు పోయినా కళ్ళు మాత్రం కళ్ళజోళ్ళవాడి కళ్ళు. ప్లంబరు చెయ్యి మర మీదికి వెళ్ళడం చూశాడు. పక్కనే బృందానికి పెద్దదిక్కైన నర్సక్క చెయ్యి, ఆ వెనక డ్రైవరమ్మాయి చెయ్యి. అందరూ తీగలు వదులు చేస్తున్నారు. పదిమంది తీగలూ ఒక్కసారే ఎక్కువ బిగుసుకోవు కదా! బుల్లి యంత్రాలన్నీ ఎర్రగా వెలుగుతున్నాయి. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. పాట ఎత్తుకున్నారు. ఆయన వేళ్ళు అలవాటుకొద్దీ నడిచాయి గానీ కళ్ళు ఆ ఎర్ర దీపాల మీదే ఉన్నాయి.

పాటయ్యాక "ఆ ఎరుపేంటి?" అన్నాడు.

"బ్యాటరీ అయిపోయుంటుంది బాబాయ్" అన్నాడు ప్లంబరు.

"అందరికీనా?"

ప్లంబరు పైకప్పు పైపుల్లో ఏదో కారుతున్నట్టు పైకి చూశాడు.

నర్సక్క కుర్చీ ముందుకు లాక్కుని, ఆయనకు ఎదురుగా వంగి, నెమ్మదిగా అంది. "నువ్వు శ్రుతిచ్చావు, మేం కలుపుకున్నాం. ఎప్పుడూ చేసేదేగా తమ్ముడూ."

ఆమె నెమ్మదిగా మాట్లాడ్డం ఇవాళ కొత్త కాదని ఆయనకప్పుడు తట్టింది. కొంతకాలంగా ఈ గదిలో అందరూ తనకు ఎదురుగానే కూర్చుంటున్నారు. ముఖంలోకి చూస్తేనే గానీ మాట్లాడ్డం లేదు.

"మీకెప్పటినించి తెలుసు?"

"మా పెదాలు చూస్తే తప్ప నువ్వు నవ్వడం మానేసినప్పటినించి."

ఆయనకు ముందు సిగ్గేసింది, తర్వాత కోపమొచ్చింది. ఇంతమందీ తెలిసి తనను ఇన్నాళ్ళు నాటకం ఆడనిచ్చారా అనుకున్నాడు. కానీ వాళ్ళ ముఖాల్లో జాలి కోసం వెతికితే కనిపించలేదు. ఎవరి ఒళ్ళో వాళ్ళ వాద్యం పెట్టుకుని, తర్వాతి పాటకు సిద్ధంగా ఉన్నారు.

"నాకు వినపడట్లేదు" అన్నాడు. పైకి అనడం అదే మొదలు. కొంప మునుగుతుందనుకున్నాడు. ఏమీ కాలేదు. ఎవరో మంచినీళ్ళ సీసా అందించారు.

డ్రైవరమ్మాయి నిట్టూర్చింది. "అయితే నాకు అమ్మనట్టే కదా బాబాయ్."

"అమ్మనమ్మా. ఏమీ అనుకోకు." టెనర్‌ని ఆమె ముందుకు చాపాడు. "కానీ నా ఒక్కడి కోసం పదిమంది కిందికి దిగొస్తే ఏం బాగుంటుంది? దీని శ్రుతినే పైకి ఎత్తు."

ఆమె మరలు తిప్పుతుంటే ఆయన వాద్యం వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. "చాలా?" అని అడిగాడు. ఇంకొంచెం అన్నట్టు తలూపింది. చివరి తీగ మీటి, ఆయన ముఖంలోకి చూస్తూ "కలిసింది బాబాయ్" అంది.

ఇన్నేళ్ళలో మొదటిసారి, శ్రుతి విషయంలో ఆయన ఇంకొకరి మాట నమ్మాడు.