ఎదురుమొండి బల్లి

జుబియాకు బల్లులంటే భయం పోగొట్టింది ఛాయాదేవి మేడమే. వన్ టౌన్‌లో పుట్టి, గోడ మీద బల్లి కనిపిస్తే కేకలు పెట్టే పిల్లను జువాలజీలోకి తెచ్చి, పీహెచ్‌డీకి గైడుగా నిలబడిన మనిషి. రంజాన్‌కి ఇంటికొచ్చి, జుబియా తల్లి నజీమా వడ్డించిన సేమ్యా తిని, "మీ అమ్మాయి నా అమ్మాయేనండీ" అన్న మనిషి.

పోయిన వర్షాకాలంలో ఎదురుమొండి దీవిలో, తాటాకు చూరు కింద జుబియాకు ఒక చిన్న బల్లి దొరికింది. వీపు మీద వంకర గీతలు, వేళ్ల మధ్య సన్నని పొర. మన ఇళ్లలో తిరిగేదానిలా లేదు. కొత్త జాతేమోనని తిరుగు పడవలో మేడమూ తానూ చిన్నపిల్లల్లా మురిసిపోయారు.

కొత్తది కాదు. డీఎన్‌ఏ, వేళ్ల కింది మెత్తలు, అన్నీ ఎప్పుడో తెలిసిన జాతితో సరిపోయాయి. పసిఫిక్ దీవుల నుంచి అండమాన్ దాకా దుంగలూ పడవలూ ఎక్కి వ్యాపించిన బల్లే ఇది. మగతోడు లేకుండానే గుడ్లు పెడుతుంది. ఒక్కటి ఒడ్డుకు చేరితే చాలు, సంతతి మొదలు. జుబియా నిరాశపడలేదు. మన లంకల దాకా అదెలా వచ్చిందో తేల్చడమే పెద్ద సంగతనిపించి, వెంటనే ఫోన్ చేసి చెప్పింది.

"సరేలేమ్మా, ఎవరితోనూ అనకు. నేను చూసుకుంటా," అంది మేడమ్.

ఆ చూసుకోవడమేమిటో గన్నవరం దగ్గర ఒక హోటల్లో జరిగిన సదస్సులో తెలిసింది. తెర మీద ఆ బల్లే. ప్రపంచంలో మరెక్కడా లేని కొత్త జాతి అని రాసుంది. కింద మేడమ్ పేరు, పక్కనే జుబియా పేరు. డీఎన్‌ఏ ఊసే లేదు. చప్పట్లు మోగాయి. తన పేరు తీసేసి ఉంటే జుబియా ఏడ్చి ఊరుకునేదేమో. అబద్ధంలో తనకూ వాటా పెట్టింది మేడమ్.

టీ విరామంలో మేడమ్‌ని వరండాలో పట్టుకుంది.

"తెలిసే చెప్పారా మేడమ్?"

"పాత బల్లికి ప్రాజెక్టు ఎవరిస్తారే? నీ కోసమే చేశా."

"నా కోసమైతే నన్నొక మాట అడిగేవారు కదండీ."

మేడమ్ భుజం మీద చెయ్యి వేయబోతే జుబియా పక్కకు జరిగింది.

విరామం తర్వాత లేచి, మైకు అడిగి తీసుకుని, ఉన్నదున్నట్టు చెప్పేసింది. మేడమ్ తలెత్తలేదు.

సదస్సు వాళ్లు ఆ పత్రాన్ని పక్కన పెట్టేశారు. జుబియాకు వేరే గైడు దొరికేసరికి చదువు వెనకబడింది. గురువుని బజారుకీడ్చిన పిల్ల అన్న పేరూ వచ్చింది.

మొన్న మచిలీపట్నం రేవులో పాత పడవ చెక్కల సందున ఆ బల్లి గుడ్లు కనిపించాయి, జంటగా అతుక్కుని. సంతోషం పట్టలేక ఫోన్ తీసి, అలవాటు కొద్దీ మేడమ్ నంబరే నొక్కేసింది.

"జుబియా? చెప్పమ్మా!" అంది అవతలి గొంతు, ఆత్రంగా.

జుబియాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం లేదండీ, పొరపాటున కలిసింది," అని పెట్టేసింది.