అబ్బాకు ఏం ఇష్టం?

అబ్బా పోయి నెల దాటింది. నలభయ్యో రోజు ఫాతెహా దగ్గర పడుతోంది. ఆ రోజు పోయిన మనిషికి ఇష్టమైనది వండి, ముందు పెట్టి, దువా చదివించి, తర్వాతే నలుగురికీ వడ్డించాలి. మా వాళ్లలో ఎంత లేనివాళ్లయినా ఇది మానరు.

"మీ అబ్బాకు ఏమిష్టం తస్లీమా?" అని అడిగింది అమ్మ. నేను కుట్టుమిషన్ మీద ఉన్నాను. ఎవరిదో పెళ్లి జాకెట్టు, సాయంత్రానికల్లా ఇవ్వాలి.

"నన్నడుగుతావేందిమా? వండిపెట్టిందానివి నువ్వు" అన్నాను విసురుగా.

తలెత్తి చూస్తే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"నాకు తెలీదే. ఇన్నేండ్లు కాపరం చేసినా ఆయనకు ఏమిష్టమో నాకు తెలీదు. ఏం పెట్టినా 'శానా బాగుండాది జైబూ' అనేటోడు. మటన్ పెట్టినా అదే మాట, నిన్నటి పప్పు పెట్టినా అదే మాట. నా చేతి కూడు ఒక్క దినమన్నా ఇష్టంగా తిన్యాడో లేదో! అదొక్కటి తెలిస్తే సాలు నాకు."

మిషన్ ఆపేశాను. కువైట్‌లో ఉన్న తమ్ముడు జావేద్‌కు ఫోన్ చేస్తే, "ఖీర్ అక్కా, ఇంకేం ఆలోచించొద్దు" అన్నాడు. ఖీరంటే పడిచచ్చేది వాడు, అబ్బా కాదు.

మాకు మాత్రం ఎలా తెలుస్తుంది? ఆయన ఇంట్లో ఉంటే కదా! నా చిన్నప్పుడంతా మిలిటరీ. ఏడాదికోసారి ట్రంకుపెట్టెతో ప్రొద్దుటూరు బస్టాండులో దిగేవాడు. మేం సిగ్గు వదిలి ఒళ్లోకి చేరేలోపు సెలవు అయిపోయేది. మిలిటరీ వదిలి వచ్చాడని సంబరపడేలోగా పోలీసు ఉద్యోగంలో చేరాడు. ఇక ఎన్నికలన్నా, జాతరన్నా, రెండు వర్గాలు తలలు పగలగొట్టుకున్నా, పులివెందులకో జమ్మలమడుగుకో బందోబస్తు. రంజాన్ పండగనాడు కూడా మసీదు బయట లాఠీతో నిలబడ్డాడు గానీ మాతో కూర్చుని సేమియా తిన్నది నేనెరగను. ఖాకీ రంగు చూస్తేనే నాకు ఒళ్లు మంట. ఎవరైనా ఆ గుడ్డ కుట్టమని తెస్తే ఇంకో చోటు చూసుకోమంటాను.

రిటైరై ఇంట్లో ఉన్నాకా ఆయన ఇష్టం తెలిసింది లేదు. ఒకసారి పాచిపోయిన పప్పు తిని, బాగుందని చెప్పి, రెండు రోజులు కడుపు పట్టుకుని పడుకున్నాడు. మిలిటరీ వాళ్లు పెట్టింది తింటారులే అని నవ్వుకున్నాం.

అబ్బాతో కూడూ నిద్రా పంచుకున్న మనిషి ఒకడున్నాడు, గంగాధరం మామ. ఇద్దరూ జమ్మలమడుగులో కానిస్టేబుళ్లుగా ఏళ్ల తరబడి కలిసి తిరిగారు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆయనింటికి పోయాను. మోకాళ్లు పట్టేసి మంచం మీదే ఉన్నాడు. మంచీ చెడ్డా అయ్యాక సూటిగా అడిగేశాను.

"మామా, మా అబ్బాకు తినేదాంట్లో ఏమిష్టం? ఫాతెహాకు పెట్టాల."

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "నా చేత ఒట్టేయించుకున్యాడు పాపా" అన్నాడు.

కొంపదీసి ఇంకో సంసారమా? పాడు బుద్ధి, ముందు అదే తట్టింది.

"ఒట్టేయించుకున్నోడు మట్టిలో పండుకోనుండాడు. ఆడ మా అమ్మ ఏడ్సి ఏడ్సి సస్తాంది. చెప్తావా లేదా?"

"పులివెందుల కాడ ఓ పల్లెలో రాళ్లు రువ్వుకున్యారు జూడు. మీ అబ్బాకు తల ఎనక కుట్లు పడినాయి గదా..."

"ఆఁ, జావేద్ అప్పుడు ఇస్కూల్లో ఉన్యాడు."

"కుట్లు మానినాయి గానీ, ఆ దెబ్బకు ముక్కు సచ్చిపోయింది పాపా. వాసన అనేదే లేదు. వాసన పోతే ఇంక రుచి యాడుంటాది? ఉప్పూ కారం పులుపూ తెలుస్తాండె, అంతే. మిగతాదంతా గడ్డి తిన్నట్లే."

"నీకెట్ట తెల్సు?"

"పెన్నలో శవం తేలింది ఒకసారి. నాని, ఉబ్బి... నీకెందుకులే. మేమంతా మూతులకు గుడ్డలు కట్టుకోని ఆమడ దూరం పరిగెత్తినాం. మీ అబ్బా ఆ పక్కనే కూసోని బొరుగులు నముల్తాండాడు! ఆపొద్దు పట్టుకోని అడిగితే చెప్పినాడు. పైవాళ్లకేం తెల్సు? మిలిటరీ గుండె అనిరి. అప్పట్నుంచి యాడ కుళ్లిన శవం దొరికినా కాపలాకు మీ అబ్బానే, షంషుద్దీన్‌నే పిల్సేది. దానికి రివార్డు గూడా ఇచ్చిరి."

ఆ రివార్డు అందుకుంటున్న ఫోటో మా ఇంట్లో గోడకుంది. దాన్ని చూపించి చుట్టాల దగ్గర మేం పోయిన గొప్పలు అన్నీ ఇన్నీ కావు.

"ఇంట్లో చెప్తే ఏం పోయింది మామా? మేమేమన్నా పరాయోళ్లమా?"

"నేనూ అట్లే తిట్టినా. 'జైబూ దినమంతా పొయ్యికాడే ఉంటాది గంగాధరం. నేను తింటాంటే నా మొగమే జూస్తా కూసుంటాది. చెప్తే రేపట్నుంచి ఏం సంతోషంతో వండుతాది?' అన్యాడు. ఇంగ నేనేం మాట్లాడేది?"

"బొరుగులంటే ఇష్టమా మరి?"

"నోట్లో చప్పుడైతాది గదా. తింటాండానని తెలుస్తాది అనేటోడు."

తిరుగుబస్సులో కిటికీకి తల ఆనించి ఏడ్చాను. ఏడుపు కంటే కోపం ఎక్కువ. ఎంత మొండి మనిషివి అబ్బా, అంతా నువ్వొక్కడివే మోయాలా? చెబితే అమ్మ ఇన్నేళ్ల వంట బూడిదలో పోసినట్టే. చెప్పకపోతే తన చెయ్యే మంచిది కాదనుకుని కుమిలిపోతుంది. ఏది తక్కువ నొప్పో ప్రొద్దుటూరు వచ్చేదాకా తేల్చుకోలేకపోయాను.

ఇంటికొచ్చి అమ్మను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను. తను అడిగింది నిజం చెప్పమనే కదా, అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. తను ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దానికే నాకు భయమేసింది.

"ఎంత మోసం చేసినాడే" అంది చివరికి. లేచి, చాట తీసుకుని బియ్యం చెరగడానికి కూర్చుంది.

ఫాతెహా నాడు వంటంతా తనే చేసింది, ఎవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. వచ్చినవాళ్లకు బగారా అన్నం, పప్పులో మాంసం వేసి చేసే దాల్చా. అబ్బా పేరు మీద పెట్టే పళ్లెంలో మాత్రం ఉల్లిపాయలు తరిగి కలిపిన బొరుగులు, అంతే.

"ఇదేంది జైబూ, అంత పెద్ద ఉద్యోగం చేసిన మనిషికి బొరుగులా?" అని పెద్దమ్మ మూతి తిప్పింది.

"మా ఆయనకు ఇదే ఇష్టం" అంది అమ్మ, గదిలో ఉన్న అందరికీ వినిపించేలా. మసీదు హజరత్ దువా చదివాడు. జనం తిన్నారు, దాల్చాను మెచ్చుకున్నారు, వెళ్లిపోయారు.

గిన్నెలు లోపల పెడదామని వంటింట్లోకి పోయాను. అమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. ముందు పళ్లెంలో దాల్చా కలిపిన అన్నం. ఎడమ చేత్తో ముక్కు గట్టిగా మూసుకుంది. కుడి చేత్తో ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. మింగింది. ఇంకో ముద్ద కలిపింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా ముక్కు వదల్లేదు.

"ఏందిమా ఇది?" అన్నాను.

"ఏమీ తెలీడంల్యా తస్లీమా" అంది, ముక్కు మూసుకునే. "ఉప్పగా, మెత్తగా దిగుతాంది, అంతే. ఇదా ఆయన దినామూ తినింది? ఇది తింటూనా, నా మొగం జూసి నవ్వతాండె?"

దగ్గర కూర్చుని ఆ చెయ్యి తీయబోయాను. విదిలించి కొట్టింది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తీయలేదు.