వేళ్లు వెచ్చజేసే మనిషి

దేవయ్య ఆ ముసలామె బొటనవేలును తడి తువ్వాలతో తుడిచి, తన రెండు అరచేతుల నడుమ పెట్టుకుని రుద్దుతున్నాడు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, బీడీలు చుట్టీ చుట్టీ అరిగిన వేలు అది. గీతలు చెరిగి గాజుముక్కలా నున్నబడింది. కాస్త వేడి పుట్టాక నోటితో ఊది, "ఇగ పో" అని ఆమెను లోపలికి పంపాడు.

రోజూ అయితే పింఛనుకు వేలిముద్ర పట్టే మిషన్ పక్కన నిలబడి, వేలును తానే పట్టి, కొంచెం పక్కకు వాల్చి అద్దం మీద అదిమేవాడు. అప్పుడు గానీ పచ్చలైటు వెలగదు. ఈ పని అతనికి ఎవరూ నేర్పలేదు. భార్య నర్సక్క బతికున్నన్నాళ్లూ బీడీలే చుట్టింది. చలికి పగిలిన ఆమె వేళ్లను ఇట్లాగే కాచేవాడు. ఆమె పోయింది, అలవాటు చేతులకు మిగిలింది.

ఈవేళ మాత్రం అతను కోరుట్ల పింఛను ఆఫీసు వరండా దాటి లోపలికి పోకూడదు. హైదరాబాదు నుంచి తనిఖీ వాళ్లు వచ్చారు. ఇకమీదట ఎవరు బతికున్నారో, పింఛను ఎవరికియ్యాలో ఏఐ మిషనే తేలుస్తుందట. అందుకు ఈ ఆఫీసు తయారుగా ఉందో లేదో చూస్తారట. లోపల మనిషి సాయం కనబడితే మార్కులు పోతాయని, వేళ్లన్నీ బయటే వెచ్చజేసి పంపమని ఆఫీసు పెద్ద భాస్కర్ సారు పొద్దున్నే చెప్పాడు. ఆఫీసు పాసైతే సహాయకుడిగా దేవయ్య కాంట్రాక్టు పొడిగించమని పైకి రాస్తానన్నాడు. నెలాఖరుకు అది ముగుస్తుంది. ఈ వయసులో ఇంకో పని ఇచ్చేవాడు లేడు.

అందుకే దేవయ్య నీళ్లు తాగడానికి కూడా ఆగకుండా వరుస పొడుగునా వంగి వంగి నడిచాడు. అరచేతులు మండాయి. చివర కూర్చున్న బాలవ్వ చెయ్యి అందుకోగానే ఆమె బోసినోటితో నవ్వింది.

"ఏం దేవయ్యా, నన్ను జేసుకున్నోడు గూడ ఇంతసేపు చెయ్యి వట్టలే."

వరుసంతా నవ్వింది. దేవయ్య తల వంచుకుని రుద్దుతూనే ఉన్నాడు.

లోపల పచ్చలైటు వెంట పచ్చలైటు. తనిఖీకి వచ్చిన జితేందర్ తల ఊపుతూ ట్యాబులో నొక్కుకుంటూ పోయాడు. బాలవ్వ వంతు రాకముందే ఇక చాలన్నాడు. ఆమె చాయ్ తాగొస్తానని బజారుకు పోయింది.

వాళ్ల కారు జగిత్యాల దారి పట్టాక భాస్కర్ సారు వరండాలోకి వచ్చాడు. గోడ మీది క్యాలెండరు చూస్తూ మాట్లాడాడు. ఆఫీసు పాసయిందన్నాడు. మనిషి సాయం లేకుండానే మిషన్ అందరినీ గుర్తుపడుతోందని మెచ్చుకున్నారు. అందుకని సహాయకుడి పోస్టు ఇక అక్కర్లేదని తేల్చారు.

"నువ్వు బయట వేళ్లు రుద్దినవని ఇప్పుడెట్ల చెప్పాలె దేవయ్యా? నా నౌకరి గూడ పోతది."

దేవయ్య తడి తువ్వాలను పిండి వరండా గోడ మీద ఆరేశాడు.

"బాలవ్వ అస్తది సార్. ఆమెది బొటనవేలు మిషన్ల వడది. నడిమి వేలు వెట్టియ్యున్రి."

అంతే. వెనక గేటు నుంచి, చూపు నేల మీదే ఉంచి వెళ్లిపోయాడు.

బాలవ్వ తిరిగొచ్చింది. ఆపరేటర్ సుజాత ఆమె నడిమి వేలును అద్దం మీద పెట్టించింది. ఎర్రలైటు. చీరకొంగుతో తుడిపించి మళ్లీ పెట్టించింది. ఎర్రలైటే.

"చేతులు సల్లగైనయి బిడ్డా," అంది బాలవ్వ. "జర దేవయ్యను పిలువు."

సుజాత వరండాలోకి తొంగిచూసింది. దేవయ్య లేడు. మెట్టు పక్కన అతని రబ్బరు చెప్పులున్నాయి, ఒకదానికి పట్టీ ఊడిపోకుండా అడుగున పిన్నీసు గుచ్చి ఉంది.