మరోదా క్లాసు ఎవరిది?

రిజిస్టరులో వెరోనికా పేరు లేదు.

ఏడాదిగా ప్రతి ఆదివారం చర్చి అయ్యాక సైకిలు మీద మరోదా బస్తీకి వెళ్లి, అక్కడి పన్నెండు మంది తెలుగు ముసలమ్మలకు చదువు చెప్పింది ఆమె. కాలేజీ సేవా పథకం కింద నూట ఇరవై గంటలు పూర్తయ్యాయి. ఆ సర్టిఫికెట్ లేనిదే సోషల్ వర్క్ పీజీకి దరఖాస్తు తీసుకోరు. గడువు రేపటితో సరి.

పథకం చూసే జితేంద్ర సార్ తల కూడా ఎత్తలేదు.

"మరోదా క్లాసు మనోజ్‌కుమార్ నడిపాడు. ఇవిగో ఫోటోలు. ఇవి నేర్చుకున్నవాళ్ల సంతకాలు," అన్నాడు హిందీలో.

ఫోటోలో మనోజ్‌కుమార్ పలక పట్టుకుని నవ్వుతున్నాడు. జితేంద్ర సార్ మేనల్లుడే. ఒకే ఒక్క రోజు వచ్చి, బిస్కెట్లు పంచి, ఫోటోలు తీయించుకుని పోయాడు.

"సార్, అతను ఒక్క అక్షరం కూడా..."

"నువ్వు వచ్చే ఏడాది చెయ్యి బేటా."

వెరోనికా ఒళ్లు మండిపోయింది. ఫోనుతో ఆ సంతకాల పేజీని టక్కున ఫోటో తీసింది. ఆయన కుర్చీలోంచి లేచేలోపే గది దాటేసింది.

నేరుగా మరోదా వెళ్లి తన క్లాసులోని అచ్చమ్మకు ఫోను చూపించింది. మొన్న మొన్నటి దాకా వేలిముద్రలే వేసిన మనిషి అచ్చమ్మ.

"ఏటే గుంటా, ఈ సుట్టలు సుట్టల రాతలేటి?"

"నీ సంతకమేనట మామ్మా. తెలుగులో..."

వెరోనికా మాట ఆగిపోయింది. భిలాయిలో పుట్టి పెరిగిన తనకు తెలుగు రాయడం రాదు. అందుకే అందరికీ హిందీ అక్షరాలే నేర్పింది. వీళ్లు తెలుగువాళ్లు కదా, తెలుగులోనే సంతకం పెడతారనుకుని ఎవరి చేతనో రాయించారన్నమాట.

"నెగండే అందరూ," అంది అచ్చమ్మ లేస్తూ.

గంటలో పన్నెండు మందీ ప్రిన్సిపాల్ గదిలో ఉన్నారు. ఒక్కొక్కరే కాగితం మీద హిందీలో పేరు రాశారు. ప్రిన్సిపాల్ ఆ కాగితాన్ని రిజిస్టరు పక్కన పెట్టుకుని సంతకాలు పోల్చి చూశాడు. జితేంద్ర సార్ నుదురు తుడుచుకున్నాడు.

"ఇద్దరి పేర్లూ వేద్దాం. చెరి అరవై గంటలు. గొడవెందుకు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"సగం నేను తీసుకోను సార్. అది దొంగకి వాటా ఇవ్వడం," అంది వెరోనికా.

"ఆడొచ్చిన రోజు క్లాసే జరగనేదు సాబ్," అంది అచ్చమ్మ. "బిస్కెట్లిచ్చినాడంతే. అవీ మెత్తబడిపోనాయి."

ముసలమ్మలంతా తేలేదాకా కదలమంటూ నేలమీద చతికిలబడ్డారు. బయట విద్యార్థులు గుమిగూడారు. ప్రిన్సిపాల్ పెన్ను తీసి జితేంద్ర ముందుకు తోశాడు.

జితేంద్ర సార్ హిందీలో రాస్తుంటే అచ్చమ్మ ఆయన భుజం మీదుగా వంగి, అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది.

"వె... రో... ని... కా. బాగుంది. గంటలు కూడా ఎయ్యి. నూట ఇరవై."

వేశాడు. రిజిస్టరు మూయబోతుంటే ఆమె చెయ్యి అడ్డుపెట్టింది.

"పైన మనోజ్‌కుమార్ అనుంది. అదీ సదవగలను. ఆ పేరు కొట్టీ."