చిటికెనవేలంత స్క్రూడ్రైవర్

పనిముట్ల పెట్టె మూత తియ్యగానే మెకానిక్ బాబాయ్ గుండె గుభేలుమంది: చిటికెనవేలంత స్క్రూడ్రైవర్ ఉండాల్సిన చోట ఖాళీ గుంట వెక్కిరిస్తోంది.

ఆ పెట్టెలో ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే కోసిన గుంట ఉంటుంది. ఏది లేకపోయినా కంటికి కొట్టొచ్చినట్టు కనబడాలనే ఆ ఏర్పాటు. ఒక్కటి తగ్గినా సరే, ఆ పెట్టె వెళ్ళిన విమానమేదీ నేల వదలకూడదు. పోయిన వస్తువు సీటు కింద దాక్కుని, గాల్లో ఉండగా విమానాన్ని తిప్పే స్టిక్కు అడుగున ఇరుక్కుందంటే పైలట్ పని సరి. నిన్న సాయంత్రం ఆ పెట్టె ఆరు విమానాల దగ్గరికీ వెళ్ళింది. ఆ పైలట్ శిక్షణ కేంద్రంలో ఉన్నవే ఆరు.

సంగతి తెలిసి కప్ప అక్కడే కూలబడ్డాడు.

దిగేటప్పుడు రన్‌వే మీద మూడు గెంతులు వెయ్యనిదే అతని విమానం ఆగదు కనుక ఆ పేరు పెట్టారు. కోర్సులో మిగతా పదకొండుమందీ ఒంటరిగా ఎగిరి వచ్చేశారు. అతనికి ఇవాళే ఆఖరి గడువు. మధ్యాహ్నం పన్నెండు దాటితే గాలి జోరెక్కుతుంది, కొత్తవాళ్ళను ఒంటరిగా వదలరు. ఈలోగా ఎగరకపోతే రేపు పొద్దున్నే పెట్టే బేడా సర్దుకుని ఇంటికి పోవడమే.

"లే రా, కూర్చుంటే దొరుకుతుందా?" అంటూ రూమ్మేట్ రేడియో అతని చెయ్యి పట్టి లాగాడు. నిద్రలో కూడా నోరు మూతపడని ఆ రూమ్మేట్‌కి అంతకన్నా మంచి పేరు దొరకలేదు.

అంతలో శిక్షణ ఇచ్చే చీఫ్ వచ్చాడు. ఉరుముకు మీసం మొలిస్తే ఎలా ఉంటుందో ఆయన అలా ఉంటాడు.

"ఎవడి పనిది? జేబులు తిరగెయ్యండి!"

పన్నెండు జతల జేబులు బయటికి వేలాడాయి. చూయింగ్ గమ్ కాగితాలు, తాళాలు, ఒకడి ప్రేమలేఖ బయటపడ్డాయి. స్క్రూడ్రైవర్ మాత్రం లేదు.

"సార్, నిన్న పెట్టె మూసేటప్పుడు అన్నీ ఉన్నాయని సంతకం పెట్టింది నేనే. తప్పు నాదే," అన్నాడు బాబాయ్. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆయన సంతకం ఎప్పుడూ తప్పలేదు.

"మీ సంగతి తరవాత. ముందు వెతకండి. దొరికితే పెట్టెలో పెడదాం, దొరక్కపోతే ఆరు విమానాలూ విప్పుదాం. విప్పితే మూడు రోజులు!"

మూడు రోజులు అనేసరికి కప్పకు కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి.

అందరూ భుజం భుజం కలిపి వరసగా నిలబడి, తలలు వంచి, సిమెంటు నేల మీద అడుగులో అడుగు వేస్తూ నడిచారు. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. వాష్‌బేసిన్ల కింద దూరారు, చెత్తబుట్టలు బోర్లించారు. ఒక బోల్టు దొరికితే కేకలు పెట్టారు. తీరా చూస్తే అది సైకిల్‌ది. పదిన్నర అయింది. కంట్రోల్ టవర్ మీద, గాలి జోరు చూపే గాలిగుడ్డ మెల్లగా ఉబ్బుతోంది.

చీఫ్ రిపోర్టు రాయడానికి ఆఫీసు గదిలోకి వెళ్ళాడు.

పావుగంట గడిచాక ఆ గది కిటికీ కిందే రేడియో గొంతు తగ్గించాడు. తగ్గించినా అది పది గజాలు వినబడుతుంది. "ఒరేయ్, చెబితే బాధపడతావ్ గానీ, మిగతావాళ్ళు ఏమంటున్నారో తెలుసా? ఒంటరిగా ఎగరాలంటే వణుకు పుట్టి నువ్వే దాచేశావంట!"

"నేనా? నా మీదా?" అన్నాడు కప్ప. "రాత్రంతా కుర్చీలో కూర్చుని, చీపురుకట్ట స్టిక్కులా పట్టుకుని దిగడం ప్రాక్టీసు చేశాన్రా. నువ్వు చూశావుగా!"

"చూశాను, నవ్వాను కూడా. కానీ వాళ్ళు నమ్మాలిగా."

"పోనీలే, ఇంటికే పోతాను. దొంగని అనిపించుకుని మాత్రం పోనురా."

అంతలో ఆఫీసు తలుపు తెరుచుకుంది. చీఫ్ నడకలో ఉరుము లేదు. నేరుగా బాబాయ్ దగ్గరికి వచ్చి గుప్పిట విప్పాడు. అరచేతిలో చిటికెనవేలంత స్క్రూడ్రైవర్ మెరుస్తోంది. 

"అందరూ వినండి, రెండోసారి చెప్పను," అన్నాడు చీఫ్. "నిన్న సాయంత్రం బాబాయ్ పెట్టెకి తాళం వేశాక తీసింది నేనే. నా దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. నాకు చత్వారం వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంటున్నానని మీకు తెలియకూడదని, మీచేత కాగితాలన్నీ పైకి చదివిస్తున్నాను. ఆ కళ్ళజోడు మర ఊడిపోతే దీంతో బిగించి, మతిలేక కళ్ళజోడు పెట్టెలోనే పడేశాను. ఇందాక రిపోర్టు రాయడానికి తీస్తే కనబడింది. బాబాయ్, మీ సంతకం తప్పలేదు. కప్పా, హెల్మెట్ పెట్టుకో, గాలి ఇంకా హద్దులోనే ఉంది. నేను రేపు కళ్ళ డాక్టర్ దగ్గరికి పోతాను. ఇంకో మాట కూడా చెప్పెయ్యాలి. దీన్ని గడ్డిలోకి విసిరేసి, మీలో ఎవడికో దొరికినట్టు చేద్దామనుకున్నాను. పావుగంట ఆలోచించాను. విసరడానికి చెయ్యి కూడా ఎత్తాను. అప్పుడే కిటికీ కింద, దొంగని అనిపించుకుని మాత్రం పోనన్న కప్ప మాట వినబడింది."