ఉక్కుపిట్ట బెల్టు

సినిమావాళ్లు ఉక్కుపిట్ట మొదటి ఫోటో నెట్‌లో వదిలింది గురువారం ఉదయం. నా టీ చల్లారేలోపే జనం బెల్టు మీద పడ్డారు. "వీడు లోకాన్ని కాపాడతాడా, కూడలిలో బండ్లు ఆపుతాడా?" అని ఒకడు. "అంత మంచి సూటుకి ఆ ఐస్‌క్రీం చారలేంటి?" అని ఇంకొకడు. "కుట్టినవాడికి కళ్లు పరీక్ష చేయించండి" అన్నవాడిని పదకొండు వేలమంది మెచ్చుకున్నారు. కుట్టినవాడట. కుట్టింది నేను. నా కళ్లకేం, లక్షణంగా ఉన్నాయి. సూదిలో దారం ఇప్పటికీ ఒక్కసారికే ఎక్కిస్తాను.

ఉక్కుపిట్ట పాత బొమ్మల పుస్తకాల్లోని వీరుడు. నీలం సూటు, ఉక్కు రెక్కలు, నడుముకి వెడల్పాటి బెల్టు. మా కాస్ట్యూమ్ వర్క్‌షాపుకి ఆ సినిమా పని వచ్చినప్పుడు బెల్టు నా వంతుకి పడింది. డిజైనర్ నా వయసులో సగం ఉంటుంది, ఆ పుస్తకాలు చదివిన పాపాన పోలేదు. గీసిన కాగితం మీద రంగు వెయ్యకుండా, "బెల్టు పాత పుస్తకంలో ఉన్నట్టే" అని రాసి ఇచ్చింది. "నీకు తెలుసు కదక్కా?" అని అడిగింది. తెలియకపోవడమేమిటి, నా దగ్గర పుస్తకమే ఉంది. ఏడో పేజీ ముందు పెట్టుకుని, ఇంట్లోనే రంగులు కలిపి, గుడ్డకి అద్ది, ఆరబెట్టి, కుట్టి పట్టుకెళ్లాను. పైన తెలుపు, మధ్యలో పసుపు, కింద వేలెడు ఆకుపచ్చ. అందరూ బాగుందన్నారు.

శనివారం డిజైనర్ నా బల్ల దగ్గరికి వచ్చింది. రెండు రాత్రులు నిద్ర లేనట్టుంది మొహం.

"అక్కా, బెల్టు మొత్తం పసుపేనంట. నిర్మాత ఫోన్ల మీద ఫోన్లు."

"పుస్తకంలో ఇలాగే ఉంది."

"ఏ పుస్తకంలో? తెచ్చి చూపించు, నేనే మాట్లాడతాను వాళ్లతో."

నేను కత్తెర కోసం వెతుకుతున్నట్టు నటించాను. ఆ పుస్తకం తొమ్మిదేళ్లుగా ఈ లోకంలో లేదు, ఒకడికి నేను చెప్పినదాని ప్రకారం.

"సరేలే, సోమవారం విప్పేసి పసుపు వేసెయ్" అని వెళ్లిపోయింది. వర్క్‌షాపులో పదహారుమంది నన్ను అక్కా అని పిలుస్తారు. అలా పిలవాల్సినవాడు మాత్రం పిలవడు.

నాకున్నది ఒక్క తమ్ముడు. చిన్నప్పుడు మా ఇద్దరికీ కలిపి ఉన్నది ఆ ఒక్క పుస్తకం. అమ్మ చివరి ఐదు నెలలూ ఆసుపత్రి చుట్టూ నేనొక్కదాన్నే తిరిగాను. వాడు అంతా అయిపోయాక, ఆవిడ గది ఖాళీ చేసి మంచం కూడా విప్పేశాక వచ్చాడు. కూర్చోలేదు, ఏడవలేదు. "ఉక్కుపిట్ట పుస్తకం ఉందా అక్కా? అదొక్కటి ఇస్తే చాలు" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చెత్తలో పారేశాను" అన్నాను. పుస్తకం అప్పుడు నా చేతిసంచిలోనే ఉంది. వాడు మెట్లు దిగిపోయాడు. తర్వాత ఫోను నంబరు మార్చాడు, ఊరూ మారాడు. నేనూ వెతకలేదు, పౌరుషంలో నేనేం తక్కువ తినలేదు. ఆ పౌరుషం నాలుగేళ్లకే అరిగిపోయింది. అప్పటికి ఎక్కడ వెతకాలో తెలియలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఇక చదవకూడదనుకుంటూనే ఫోను తీశాను. నా గదిలో ఒక కుట్టుమిషను, ఒక మంచం, ఒక కిటికీ. ఆదివారాలు నాతో మాట్లాడేవాళ్లు ఉండరు కాబట్టి, తిట్లైనా సరే, మాటలే కదా అనిపించింది. వందల తిట్లు దాటాక ఒకటి కనిపించింది. రాసినవాడి పేరు 'పాత సైకిల్'.

"మా పుస్తకంలో బెల్టు సరిగ్గా ఇలాగే ఉండేది. ఏడో పేజీ. తెల్లదాంట్లో ఉప్పు, పసుపుదాంట్లో అగ్గిపుల్లలు, ఆకుపచ్చదాంట్లో మందు దాచుకుంటాడని మా అక్క చెప్పేది. ఎవరు కుట్టారో గానీ బాగా కుట్టారు."

ఉప్పు, అగ్గిపుల్లలు, మందు. జ్వరంతో పడుకున్న తమ్ముడి కోసం నేను అల్లిన కథ అది. అప్పుడు నాకు పదేళ్లు. ఆ కథ విన్నవాడు వాడొక్కడే. మంచినీళ్లు తాగుదామని లేచి, తాగకుండానే వచ్చి కూర్చున్నాను.

దాని కింద జనం వాడిని చీల్చి చెండాడుతున్నారు. ఒకడు తన దగ్గరున్న ఏడో పేజీ ఫోటో పెట్టాడు. అందులో బెల్టు నిండు పసుపు. నేను పరుపు కింద నుంచి మా పుస్తకం తీసి పక్కన పెట్టి చూశాను. మాదాంట్లో నల్లగీతలు ఉండాల్సిన చోటే ఉన్నాయి. పసుపు మాత్రం అచ్చువేసేటప్పుడు కాస్త కిందికి జారింది. అది వదిలిన చోట కాగితం తెల్లగా మిగిలింది, సూటు నీలం మీద పడిన చోట ఆకుపచ్చ అయింది. ముప్పై ఏళ్లుగా గుడ్డలకి రంగులద్దుతున్న దాన్ని, నాకు ఇంత చిన్న విషయం తట్టలేదు. ఇంకో ప్రతి ఉంటుందని మేమెప్పుడూ అనుకోలేదు మరి.

"నీ పుస్తకం చూపించు అంకుల్, అప్పుడు నమ్ముతాం" అని రాశాడొకడు.

"నా దగ్గర లేదు. మా అక్క పారేసింది" అని వాడి జవాబు.

"అయితే ఈ బెల్టు కుట్టింది మీ అక్కే అయ్యుంటుంది."

దానికి మూడు వందల నవ్వులు. తమ్ముడు ఆ తర్వాత ఏమీ రాయలేదు.

అబద్ధాలకోరు, ముసలోడి చాదస్తం, పాపం అక్క మీదికి తోసేశాడు. ఎన్ని మాటలో. అవన్నీ నాకు పడాల్సినవి. వాడు చెప్పింది నిజమని చూపించగలిగేది ప్రపంచంలో నేనొక్కదాన్నే. చూపిస్తే, పారేశానన్నది అబద్ధమని వాడికి తెలిసిపోతుంది. అమ్మ పోయిన వారానికే, వాడు అడిగిన ఒకే ఒక్క వస్తువు సంచిలో పెట్టుకుని లేదన్నానని తెలిసిపోతుంది. అప్పుడు కోపగించుకునే హక్కు మొత్తం వాడిదవుతుంది. తొమ్మిదేళ్లుగా నాకు తోడున్నది ఆ కోపంలో నా సగమే.

పుస్తకాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి ఫోటో తీశాను. ఏడో పేజీ కింది మూల చిరిగి ఉంటుంది. చిన్నప్పుడు అది తమ్ముడే చింపాడని వాడికి రెండు దెబ్బలు పడ్డాయి. ఆ మూల కనిపించకుండా కత్తిరించి పెట్టొచ్చు, కానీ పెట్టలేదు. వాడి మాట కింద పేజీ మొత్తం పెట్టి, "పుస్తకం ఉంది" అని రాశాను.

సాయంత్రానికి జనం మాట మార్చారు. "ఇది అరుదైన ప్రతి, అమ్ముతారా?" అన్నారు. "మొదటినుంచీ నాకా బెల్టు నచ్చింది" అని, కళ్లు పరీక్ష చేయించమన్నవాడే రాశాడు. పాత సైకిల్ నుంచి మాత్రం చప్పుడు లేదు. ఫోను దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను. అంత మంది మాట్లాడుతుంటే అంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు.

సోమవారం వర్క్‌షాపులో బెల్టు విప్పడం మొదలుపెట్టాను. గట్టిగా కుట్టిన చెయ్యి నాదే, తిట్టుకోవాల్సిందీ నన్నే. తెల్ల పట్టీ వచ్చేసింది. ఆకుపచ్చది సగం ఊడేసరికి ఫోను టింగుమంది. పాత సైకిల్ జవాబు.

"ఆ మూల చింపింది నేను కాదు."

తొమ్మిదేళ్ల తర్వాత వాడి మొదటి మాట అది. చదువుతుండగానే కింద ఇంకోటి వచ్చింది.

"బెల్టు కూడా నువ్వేనా?"

డిజైనర్ అవతలి నుంచి, "అయిందా అక్కా?" అని అడిగింది. కాసేపు ఆగమన్నాను. ఆకుపచ్చ పట్టీ ఒడిలోకి జారింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, "రెండూ నేనే" అని రాశాను.